ఫీజు కట్టి పేపరు మడిచే చదువు

ఇంటర్ అయ్యాక డిజైన్ చదువుతానన్న పిల్లాణ్ణి ఇంట్లోవాళ్లు మొదట వారిస్తారు, తర్వాత బెదిరిస్తారు, చివరికి ఫీజు కడతారు. కట్టాక ఆశలు పుడతాయి. మొదటి సెలవులకు వచ్చేసరికి తాతగారి బొమ్మ అచ్చం ఫొటోలో ఉన్నట్టే వేసేస్తాడనీ, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకోవచ్చనీ.

సెలవులకు వచ్చినవాడు ఫోల్డర్ విప్పుతాడు. తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా దిగిన బూడిదరంగు గళ్లు కొన్ని. కాగితం వంక చూడకుండా గీసిన సొంత ఎడమచెయ్యి ఒకటి. ఆ తర్వాత కుర్చీ ఉండాల్సిన చోట కుర్చీ లేకుండా, దాని కాళ్ల మధ్య ఉండే ఖాళీ మాత్రం. "ఇదేంట్రా?" అంటే "నెగటివ్ స్పేస్ నాన్నా" అంటాడు. ఖాళీకి కూడా సెమిస్టరు ఫీజు ఉంటుందని నాన్నకు ఆ రోజే తెలుస్తుంది. అమ్మ చెయ్యి బొమ్మను తిప్పి తిప్పి చూసి, "వేళ్లు ఆరున్నాయి గానీ బాగుందిరా" అంటుంది. వాడు చార్‌కోల్‌ను బ్రెడ్డు ముక్కతో చెరుపుతుంటే మాత్రం ఆవిడ ఓర్చుకోలేదు. తిండిని బొమ్మకు రుద్దే చదువు ఆ వంశంలో ఎవరూ చదవలేదు.

ఈ మొదటి ఏడాది చదువును ఫౌండేషన్ అంటారు. బట్టలు డిజైన్ చేయబోయేవాళ్లూ, బల్లలూ కుర్చీలూ చేయబోయేవాళ్లూ, పుస్తకాల అట్టలు వేయబోయేవాళ్లూ ఒకే గదిలో కూర్చుని గీతలూ రంగులూ మట్టీ తీగలతో తంటాలు పడతారు. ఇది ఇక్కడివాళ్ల బుర్రలో పుట్టిన వింత కాదు. వాల్టర్ గ్రోపియస్ 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే బడి పెట్టాడు. అక్కడ కొత్తగా చేరినవాళ్లను చేతిపనుల శాలల్లోకి పంపేముందు ఆరునెలలు ఒక పంతులుగారికి అప్పగించేవారు. ఆయనే యోహానెస్ ఇట్టెన్, స్విట్జర్లాండ్ మనిషి. అంతకుముందు ఎలిమెంటరీ స్కూలు టీచరుగా శిక్షణ పొందినవాడు. నున్నటి గుండు, సన్యాసి అంగీలాంటి దుస్తులు. పాఠం మొదలయ్యేది పెన్సిలుతో కాదు, ప్రాణాయామం లాంటి ఊపిరి కసరత్తులతో. కళ్లు మూసుకుని చెక్కనూ గుడ్డనూ ఇసుక కాగితాన్నీ తడమమనేవాడు, తడిమాక ఆ స్పర్శను గీయమనేవాడు. ఇప్పటి స్టూడియోల్లో చేయించే టెక్స్చర్ అసైన్‌మెంట్లకు పాత చుట్టం ఇదే.

ఒకసారి ఆయన రెండు నిమ్మకాయలు తెచ్చి బల్లమీద పెట్టి వేయమన్నాడు. ఇంత తేలికైన పనా అని పిల్లలు కాస్త చిన్నబుచ్చుకుని, గబగబా గుండ్రాలు గీసి ఇచ్చేశారు. ఇట్టెన్ ఏమీ అనలేదు. నిమ్మకాయ కోసి తలా ఒక ముక్క పెట్టి, ఇప్పుడు చెప్పండి, మీ బొమ్మలో ఈ పులుపు ఉందా అన్నాడు. మొహాలు వంకర్లు పోయాక మళ్లీ మొదలుపెట్టారట.

అంతవరకూ బాగానే ఉంది. ఇంకోరోజు పాతకాలపు జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ వేసిన, రోదిస్తున్న మగ్దలీన మరియ బొమ్మ చూపించాడు. పిల్లలు బుద్ధిగా పెన్సిళ్లు చెక్కి గీయడం మొదలెట్టారు. మనసన్నది ఉంటే ఈ బొమ్మ ముందు గీయరు, ఏడుస్తారు అని మండిపడి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. ఈ సంగతి తోటి అధ్యాపకుడు ఆస్కర్ ష్లెమ్మర్ ఉత్తరంలో రాశాడు. గీస్తే తప్పు, గీయకపోతే హాజరు పోతుంది. ఫస్టియర్ విద్యార్థి పరిస్థితి వందేళ్లుగా మారలేదు.

ఇట్టెన్‌ది మజ్దజ్నాన్ అనే మతం. శాకాహారం, ఉపవాసాలు, అన్నింటికీ మించి వెల్లుల్లి. ఆ తిండి క్యాంటీన్ దాకా వచ్చింది. గ్రోపియస్‌కు అప్పట్లో భార్య అయిన ఆల్మా మాలర్‌కు బౌహౌస్ అనగానే గుర్తొచ్చింది కుర్చీలూ భవనాలూ కాదు, నోళ్లలోంచి వచ్చే వెల్లుల్లి వాసన. తెలుగువాళ్లకు వెల్లుల్లితో పేచీ లేదు గానీ, కారప్పొడి లేకుండా వట్టి వెల్లుల్లి ముద్ద అంటే జాలిపడాల్సిందే. గ్రోపియస్‌తో పడక ఇట్టెన్ 1923లో వెళ్లిపోయాడు. అంతకు కొద్దినెలల ముందు, 1922 డిసెంబరులో, ఆయన బొమ్మలూ, తోటి అధ్యాపకులు క్లే, కాండిన్‌స్కీల బొమ్మలూ కలకత్తాలో ప్రదర్శనకు వచ్చాయన్నది చాలామందికి తెలియని ముచ్చట.

నిజం చెప్పాలంటే ఈ చదువులో అసలు సరుకు ఇట్టెన్ నాటకం కాదు, ఆయన దగ్గర చదువుకున్న జోసెఫ్ ఆల్బర్స్ తెచ్చిన పాత పేపర్లు. ఆల్బర్స్ కూడా బడిపంతులే. ముప్ఫై రెండేళ్ల వయసులో, 1920లో బౌహౌస్‌లో మళ్లీ విద్యార్థిగా చేరాడు. సామాను కొనడానికి డబ్బుల్లేక సుత్తి, వీపున సంచీ వేసుకుని ఊరి చెత్తకుప్పకు పోయి పగిలిన గాజుముక్కలు ఏరుకొచ్చి వాటితోనే కిటికీ చిత్రాలు చేశాడు. అలాంటి మనిషి తర్వాత అక్కడే పాఠం చెబితే ఖరీదైన సామాను జాబితా ఇవ్వడు కదా. ఆయన శిష్యుడు హానెస్ బెక్‌మాన్ మొదటిరోజు క్లాసు గురించి చెప్పాడు. ఆల్బర్స్ పాత వార్తాపత్రికల కట్ట తెచ్చి పంచాడు. వీలైతే కత్తీ జిగురూ లేకుండా దీంతో ఏదైనా చేయండి, కాగితాన్ని గౌరవించండి అని చెప్పి వెళ్లిపోయాడు. కొన్ని గంటల తర్వాత తిరిగొచ్చేసరికి కోటలూ విమానాలూ జంతువులూ తయారు. ఇవన్నీ వేరే వస్తువుతో ఇంతకంటే బాగా చేయొచ్చు అని పక్కన పెట్టేశాడు. ఒకతను మాత్రం పేపరును నిలువునా మడిచి తడికలా నిలబెట్టాడు, అంతే. ఆల్బర్స్ మెచ్చుకున్నది దాన్నే. వాలిపోయే కాగితం మడతతో నిలబడింది. కాగితం తప్ప ఇంకోటి చేయలేని పని అది.

తర్వాత అమెరికా వెళ్లి యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఆయన రంగుల్ని కూడా కాగితం ముక్కలతోనే నేర్పాడు. 1963లో అచ్చయిన ఆయన పుస్తకం నిండా అవే అభ్యాసాలు. ఒకే రంగు ముక్కను రెండు వేర్వేరు రంగుల మీద పెట్టి అది రెండు రంగుల్లా కనబడేట్టు చేయాలి. చీరల కొట్లో అంచు పక్కన జాకెట్టు గుడ్డ పెట్టి చూసి, ఇలా కాదని గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూసే ఏ తెలుగు ఇల్లాలికైనా ఈ సిద్ధాంతం కొత్త కాదు. డిగ్రీ ఇవ్వలేదంతే.

మన దేశానికి ఈ పద్ధతి బాగా చేరింది నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అంటే ఎన్‌ఐడీతో. అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ప్రభుత్వానికి నివేదిక ఇస్తూ మన చెంబును గొప్ప డిజైన్ అని పొగిడారు; 1961లో అహ్మదాబాద్‌లో సంస్థ వచ్చింది. ఫ్యాషన్ చదువు చెప్పే హైదరాబాద్ నిఫ్ట్ 1995లో, ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ 2015లో మొదలయ్యాయి. ఎన్‌ఐడీ ప్రవేశపరీక్ష రెండో దశలో స్టూడియో టెస్టు ఉంటుంది, చేతికి సామాను ఇచ్చి ఏదో ఒకటి చేసి చూపించమంటారు.

పరీక్ష ఉన్నచోట కోచింగ్ ఉండక తప్పదు. ముందుగా అనుకోనిది చేయడమెలాగో ముందుగానే బట్టీ పట్టించే క్లాసులు వచ్చేశాయి. అక్కడ నేర్చిన మోడల్‌నే అందరూ చేస్తే, పరీక్షకుడి ముందు ఒకే రకం కొత్తదనం వరసగా నిలబడుతుంది. ఇది ఆ పిల్లల తప్పు కాదు. పన్నెండేళ్లు నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోమని చెప్పి, పదమూడో ఏట ఆప్షన్ లేకుండా కాగితం చేతిలో పెడితే ఎవరికైనా చెమటలు పడతాయి.

కాబట్టి డిజైన్ అంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే, కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఒక పాత పేపరు ఇచ్చి రెండు గంటలు వదిలేయండి. ఫోను మాత్రం తీసుకోండి. విమానం చేసి తెస్తే నవ్వకండి. ఆల్బర్స్ క్లాసులోనూ మొదటిరోజు చేసినవి అవే.