ఒక పెట్టె, మూడు కాపురాలు

నేనొక డెస్క్‌టాప్ కంప్యూటర్ని. ఉంటున్నది శ్రీశైలం డ్యాం కాలనీ సున్నిపెంటలో, ఒక నెట్ సెంటర్లో. 2012 నాటి ఇంటెల్ ఐ5 చిప్ నాది. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసుకు ఏళ్ల తరబడి చాకిరీ చేశాక, విండోస్ 11కు పనికిరానని తేల్చి వదిలించుకున్నారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో దుమ్ము పట్టి ఉన్న నన్ను మా అన్న బేరమాడి కొన్నాడు. సెంటర్ యజమానిని ఊరంతా అన్నా అనే పిలుస్తుంది, నేనూ అంతే. మన్ననూరు, దోమలపెంట మీదుగా నల్లమల దాటి, కృష్ణ దాటి ఇక్కడికి చేరాను.

అన్నకు నాతో పనులు మూడు. ఒకటి, డబ్బు వ్యవహారాలు, దేవస్థానం గదుల బుకింగు. రెండు, పాత స్కానరు. దాని డ్రైవరు విండోస్ 7 దాటి రాదు. ఆ విండోస్‌కేమో మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే నీళ్లొదిలేసింది. మూడు, వచ్చేపోయేవాళ్ల పెన్‌డ్రైవులు, వాటితో వచ్చే వైరస్‌లు. మూడూ ఒకేచోట కలిపితే ఒకదాని జబ్బు అన్నిటికీ అంటుతుంది. మూడు మెషీన్లు కొందామంటే డబ్బూ లేదు, చోటూ లేదు.

అందుకని అన్న నా బయాస్‌లోకి వెళ్లి, ఒక యంత్రాన్ని పలు యంత్రాలుగా నడిపేందుకు వీలిచ్చే, ఆపేసి ఉన్న వర్చువలైజేషన్‌ను ఆన్ చేశాడు. మెమరీని 16 జీబీకి పెంచి, విండోస్ తుడిచేసి ప్రాక్స్‌మాక్స్ అనే హైపర్‌వైజర్ ఎక్కించాడు. అంతా అయ్యాక నా తెరమీద కనిపించింది నల్లటి పలక, దానిమీద ఒక ఐపీ అడ్రసు, చివర 8006 అనే సంఖ్య.

“ఏందన్నా, ఇంత కష్టపడింది ఈ నల్ల స్క్రీను కోసమా?” అన్నాడు పక్క జిరాక్స్ షాపు తమ్ముడు.

“ఉండు సామీ,” అని అన్న తన లాప్‌టాప్‌లో ఆ అడ్రసు కొట్టాడు. నా లోపల ఏముందో అంతా అక్కడ తెరుచుకుంది.

హైపర్‌వైజర్ పని సత్రం మేనేజరు పనే. ప్రాసెసర్, మెమరీ, డిస్కు అన్నీ తన చేతిలో ఉంచుకుని గదులుగా పంచుతుంది. గదిలో దిగిన ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ యంత్రమంతా తనదే అనుకుంటుంది. నాలో డబ్బు పనుల లైనక్స్‌కు 4 జీబీ, స్కానరు కోసం నెట్ లేని విండోస్ 7కు 2, జనం వాడే విండోస్ 10కి 6. మిగిలింది మేనేజరుకు. ఉన్నదానికి మించి పంచితే అందరం కలిసి నత్తనడక నడుస్తాం.

ఈ విద్య నాకంటే పాతది. 1960లలోనే ఐబీఎం పెద్ద యంత్రాల మీద దీన్ని సాధించింది, 1972లో వీఎం/370గా విడుదల చేసింది. నా జాతి చిప్‌లు మాత్రం చాలాకాలం మొరాయించాయి. 2005లో ఇంటెల్, ఆ మరుసటేడు ఏఎండీ చిప్‌లోనే ఏర్పాటు చేశాక దారి సుగమమైంది. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లైనక్స్ కెర్నల్‌లో చేరింది. నాలో నడుస్తున్నది అదే. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ హైపర్-వి డెస్క్‌టాప్‌లకూ వచ్చింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ సర్వర్ల విభాగానికి పెద్ద సత్య నాదెళ్ల. ఆయన తండ్రి యుగంధర్‌ది మన సీమలోని అనంతపురం జిల్లాయే.

శివరాత్రి రద్దీలో ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. “బస్సుకు టైమయితాంది, హాల్‌టికెట్ ప్రింట్ తీయన్నా.” పెన్‌డ్రైవు పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. కంగారులో వాడు ఒకదాన్ని నొక్కేశాడు, వైరస్ లోపలికొచ్చింది. అన్న తొణకలేదు. దాచిన ఫైళ్లను బయటికి లాగి, హాల్‌టికెట్ ప్రింటిచ్చి పంపాడు. తర్వాత విండోస్ 10ను పొద్దున దాని స్థితిని భద్రపరిచిన స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పాడు. వైరస్ ఆనవాలు లేకుండా పోయింది. పక్క గదిలోని లైనక్స్‌కు ఆ గొడవే తెలియదు.

లాప్‌టాప్‌లకు ఈ సంసారం అంత సులువు కాదు. నిద్రపోయి లేవడం, వైఫై, గ్రాఫిక్స్ అన్నీ హైపర్‌వైజర్‌తో పేచీ పెడతాయి. సిట్రిక్స్ 2010లో జెన్‌క్లయింట్ అనే లాప్‌టాప్ హైపర్‌వైజర్‌ను తెచ్చి, కొన్నేళ్లకు ఆపేసింది. భద్రత కోసం ఒక్కో పనికి ఒక్కో గది కట్టే క్యూబ్స్ మాత్రం ఇప్పటికీ నిలబడి ఉంది.

కుడిగట్టున 770 మెగావాట్ల పవర్‌హౌస్ ఉన్నా గాలివానకు మాకూ కరెంటు పోతుంది. యూపీఎస్ ఉన్న కాసేపట్లో అన్న మూడింటినీ వరసగా మూసేస్తాడు. కరెంటు రాగానే ఎవరు ముందు లేవాలో కూడా రాసిపెట్టాడు.

మీ ఇంట్లో పాత మెషీన్ ఉంటే తూకానికి వేసేముందు ఒకసారి బయాస్ తెరిచి చూడండి, వర్చువలైజేషన్ ఉందేమో. ఉంటే కాస్త మెమరీ వేయండి, ఇంకొన్నేళ్లు చాకిరీ చేస్తుంది. ఒక్కటి మరవకండి: స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది ఉండేది మా డిస్కులోనే, డిస్కు పోతే దాంతోపాటే పోతుంది. బ్యాకప్‌ను వేరే డిస్కులో, వేరే చోట పెట్టుకోండి.