వాగునకు గూడ నొక ప్రతి

మ॥రా॥రా॥శ్రీ కేంద్ర కార్మిక మంత్రిత్వశాఖలో మినహాయింపు ఉత్తరువులను రచించు అధికారివర్యుల సముఖమునకు, జనగామనుండి ఒక సామాన్య పౌరుడు సమర్పించుకొన్న విన్నపము.

అయ్యా,

2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్ నందు, అత్యవసర పరిస్థితి గాని, విపత్తు గాని, మహమ్మారి గాని సంభవించినప్పుడు ఏ పనిచోటునకైనను అందలి ఏ నియమమునుండి యైనను ఒకమారునకు ఒక యేడాదివరకు మినహాయింపు నీయగల అధికారమును ప్రభుత్వమునకు కల్పించినారని చదివి, విపత్తులకు ఏనాడును కొదువలేని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పక్షమున ఆ యేర్పాటును మరికొంత సమగ్రము గావింపుడని ప్రార్థించుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను. నా ప్రార్థన స్వల్పము: అట్టి ఉత్తరువు వెలువడినప్పుడెల్ల దాని ప్రతిని కలెక్టరునకును కంట్రాక్టరునకును మాత్రమే గాక, మోరంచవాగునకును, ఆకేరునకును, పదకొండువేల వోల్టుల తీగకును, భూపాలపల్లి కాకతీయ బొగ్గుగనుల పైకప్పునకును గూడ దయచేసి పంపవలెను. నియమము సడలినదని ముఖ్యముగా తెలియవలసినది వానికే గదా! ఇంతవరకు తెలిసిన జాడ లేదు.

మీ ముందుచూపును శ్లాఘింపక యుండలేను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములో ఇట్టి మినహాయింపు యుద్ధమువలననో, పరదండయాత్రవలననో, అంతఃకల్లోలమువలననో దేశభద్రత అపాయమునకు లోనైనప్పుడు మాత్రమే, అదియు ఒకమారునకు మూడు నెలలకు మించకుండ లభించెడిది. 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వము కరోనాను సాకుగా గొని పనిదినమును పండ్రెండు గంటలకు పెంచగా, మహమ్మారి ఆ చట్టము చెప్పు అత్యవసర పరిస్థితి కాదని సుప్రీంకోర్టు అక్టోబరు 1వ తేదీన ఆ ఉత్తరువును కొట్టివేసెను. అప్పటికి మూడు దినముల ముందే, సెప్టెంబరు 28న, మహమ్మారిని పేరుపెట్టి చేర్చుకొన్న క్రొత్త కోడ్‌కు రాష్ట్రపతి ఆమోదముద్ర పడియుండెను. వీధివాకిలి మూయకముందే పెరటివాకిలి తెరచి యుంచుట యన నిట్లుండవలెను.

మా వాగుల చదువు వేరు. 2023 జూలై 27వ తేదీ ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసినది. మోరంచపల్లి జనము మిద్దెలెక్కినది. నైనపాకలో జేసీబీపై చిక్కుకొన్నవారిని హెలికాప్టరు వచ్చి ఎత్తుకొనిపోయినది. మరుసటి యేడు సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నెల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఆ పట్టాలక్రింద కంకర పోయుటకు దిగిన కూలీలు ఏ కోడ్ క్రింద దిగిరని వరద విచారింపదు.

ఇక తీగ సంగతి. గాలివాన వెలిసిన రాత్రి మా పల్లెలలో లైన్‌మన్ ఏమి చేయునో తమరొకమారు నిలిచి చూడవలెను. స్తంభమెక్కుటకు ముందు అతడు సబ్‌స్టేషనునకు ఫోను చేసి, తీగపై పని చేయుటకు అనుమతియగు లైన్ క్లియర్, అనగా ఎల్‌సీ అడుగును. అక్కడి ఆపరేటరు ఫీడరు నాపి, అడిగినవాని పేరును వేళను పుస్తకమున వ్రాసికొని గాని ఎల్‌సీ ఇయ్యడు. అంతటితో నమ్మక, తీగలో కరెంటు లేదని పరీక్షించి, ఎర్త్ రాడ్డు తగిలించి, నడుమునకు బెల్టు బిగించి అతడెక్కవలెను. ఏలయన, ఆపిన ఫీడరులోనికి ఏ రైసుమిల్లు జనరేటరో వెనుకదారిని కరెంటు పంపుచుండవచ్చును. చీకటిలో కూర్చున్న ఊరికి ఆ కొద్ది నిమిషములు యుగమై తోచును. ఫోనులు మ్రోగును, తిట్లు వినవచ్చును, పెద్దమనుష్యు లొకరు స్కూటరుమీద వచ్చి ప్రక్కన నిలుచుందురు. ఆ తొందరలో ఎర్త్ రాడ్డు జీపులోనే మిగిలిపోవుట కలదు. అదియే, అయ్యా, మా యొద్ద సహజముగా జరుగు మినహాయింపు. దానికి గెజిటు అక్కరలేదు.

నియమమే ప్రాణము తీసిన సందర్భములు లేవని నేననను. స్కాట్లండులో గాల్‌స్టన్ అను ఊర, 2008 జూలైలో, పాతగని కూలిన గోతిలో ఒక స్త్రీ పడగా, పైకి లాగు పరికరము చేతనుండియు, అది అగ్నిమాపక సిబ్బందిని రక్షించుటకే గాని పౌరులకు గాదన్న ఆదేశమును పట్టుకొని అధికారులు గంటల తరబడి తటపటాయించిరి, ఆమె మరణించినది. అక్కడ 2010లో లార్డ్ యంగ్ తన నివేదికలో, పరుల ప్రాణమునకై తెగించిన పోలీసును, ఫైర్‌మన్‌ను ఆ తెగువకై విచారణల పాలు చేయరాదని సిఫారసు చేసెను. ఆ రక్షణ తెగించినవానికి. మీ మినహాయింపు వానిని పంపినవానికి. ఈ భేదమును పార్లమెంటులో ఎవరైన విప్పి చెప్పుదురేమో యనుకొంటిని గాని, రాజ్యసభలో బిల్లు గట్టెక్కిన నాడు ప్రతిపక్షము సభను బహిష్కరించి బయట నుండెను.

మన యింటనే మంచి మాతృక యుండెడిది. 1952 నాటి గనుల చట్టము 38వ సెక్షను ప్రకారము, గనికో మనుష్యులకో ఘోరాపాయము వాటిల్లినప్పుడు మేనేజరు పనిగంటల నిబంధనలను దాటి ప్రాణరక్షణకు వలసిన పని చేయింప వీలుండెడిది. కాని ఆ సంగతిని వ్రాసిపెట్టి, ఇన్‌స్పెక్టరునకు నివేదింపవలసి యుండెడిది. సడలినవి గంటలే, గాలి పరీక్ష గాదు. పైకప్పును కఱ్ఱతో తట్టి డొల్లగా పలికిన బండక్రిందినుండి తొలగిపోవు పద్ధతి ఏ యత్యవసరమునందును రద్దు కాలేదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనమండుగురు చిక్కుకొన్నప్పుడు, సింగరేణి రెస్క్యూ జట్లును సైన్యమును వారములకొలది బురద త్రవ్వియు, నిపుణులు ప్రవేశింపరాదన్న చివరి మీటర్లయెదుట ఆగిరి; ఇరువురి దేహములే బయటికి వచ్చినవి. దానిని పిరికితనమని నేననజాలను. ఆ 1952 చట్టము గూడ ఇప్పుడు మీ కోడ్‌లో లీనమైనది.

2025 జూలై 9న ఈ కోడ్‌ను గూడ వ్యతిరేకించిన సార్వత్రిక సమ్మెలో సింగరేణి కార్మికులు పాల్గొన్నప్పుడు, నియమములు పరిశ్రమకు సంకెళ్ళని ఒకరును, హక్కులు హరించుచున్నారని ఒకరును వాదించిరి. నా విన్నపము రెంటికంటెను చిన్నది. వాగులకు తపాలా పంపుట కష్టమైనచో, కనీసము మినహాయింపునకొక పుస్తకము పెట్టుడు. సబ్‌స్టేషనులోని ఎల్‌సీ పుస్తకమువంటిది చాలును: ఎవరడిగిరి, ఎవరిచ్చిరి, ఏ వేళకు, మరల ఎప్పుడు మూసిరి. ఇచ్చినవారి గడిలో హోదా గాక పేరు వ్రాయవలెను.

ఇట్లు,
విధేయుడు,
జనగామ పౌరుడొకడు