ఓలి లేని పెళ్లి

కాకతి గణపతిదేవుడు మహా లౌక్యుడు. దివిసీమ మీద దండెత్తి గెలిచాడు. గెలిచినవాడు కప్పం పుచ్చుకుని పోవడం రివాజు. ఈయన చుట్టరికం కలుపుకున్నాడు. దివి ఏలిన అయ్య వంశంలో పినచోడుడి కూతుళ్లు నారమ్మ, పేరమ్మ ఇద్దరినీ పెళ్లాడాడు. ఒకటే దండయాత్ర. ఇద్దరు రాణులు, వాళ్లతోపాటు అరణంగా ఒక సముద్రతీరం!

ఆ అక్కచెల్లెళ్లకు ఈ సంబంధం నచ్చిందో లేదో ఏ శాసనమూ చెప్పదు. గుడి దీపానికిచ్చిన గొర్రెల లెక్క కూడా రాతి మీద చెక్కించిన రోజులవి. రాణుల ఇష్టాయిష్టాలకొచ్చేసరికే రాయి కరువైంది.

పుట్టింటికి మాత్రం లోటు జరగలేదు. వాళ్ల సోదరుడు జాయపకు ఏనుగుల దళం అప్పగించి గజసాహిణిని చేశాడు బావగారు. ఆ జాయప తండ్రి పేర చేబ్రోలులో చోడేశ్వరాలయం కట్టించాడు, తీరిక చేసుకుని ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఇప్పటి ఏలికల బావమరుదులకు ఇసుక రీచ్ దొరికితే చాలు, రత్నావళి ఊసెందుకు?

అదే కాలంలో ఇంగ్లండు రాజు మూడో హెన్రీ 1236లో ప్రొవాన్స్ పిల్ల ఎలినార్‌ను చేసుకున్నాడు. వెనకాలే మేనమామలు దిగారు. ఒకాయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పయ్యాడు, ఇంకొకాయన లండన్‌లో భవంతి వేశాడు. ఒళ్లు మండిన జనం 1263లో వంతెన మీంచి రాణిగారి పడవ మీద రాళ్లు రువ్వారు. పదవులు తిన్నది మామలు, రాళ్లు తిన్నది మేనకోడలు.

రాజులు పోయారు. పిల్లనిచ్చి హద్దులు సర్దుకునే అలవాటు పోలేదు. ఇప్పటి పెళ్లికూతురు మా చింతూరు. 1860లో ఈ నేల నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాడి చేతిలో పడింది. 1874లో గోదావరి జిల్లాకిచ్చారు. 1959లో ఖమ్మం మెడలో దండ వేయించారు. 2014లో ఆ దండ తీయించి తూర్పుగోదావరి పక్కన కూర్చోబెట్టారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా, 2025 ఆఖర్లో పోలవరం జిల్లా. ఇన్నిసార్లు పీటలెక్కిన పిల్ల కాకతీయుల అంతఃపురంలో కూడా ఉండి ఉండదు.

ఇక్కడ ఏ గూడెంలోనైనా ట్రంకు పెట్టె తెరిచి చూడండి. తాత పట్టాలో ఖమ్మం జిల్లా, మనవడి కుల సర్టిఫికెట్‌లో తూర్పుగోదావరి, మునిమనవడి ఆధార్‌లో అల్లూరి జిల్లా. ఇల్లు మాత్రం అదే తాటాకుల కింద, అదే శబరి ఒడ్డున. వాళ్లెక్కడికీ కదల్లేదు, కలెక్టరేట్లే పరుగులు తీశాయి.

2014 పెళ్లిలో తెలివంతా చూపించారు. రాములవారి గుడి ఉన్న భద్రాచలం పట్నం తెలంగాణకు ఉంచి, చుట్టూ ఉన్న పోలవరం ముంపు పల్లెల్ని ఆంధ్రకు అప్పగించారు. ఆనకట్ట కట్టేవాడి చేతిలోనే మునిగే ఊళ్లూ ఉంటే అడ్డు చెప్పేవాడుండడు కదా! ఏజెన్సీలో భూమి తీసుకునే ముందు గ్రామసభతో సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం చెబుతుంది. ఊళ్లకు ఊళ్లే చేతులు మార్చేటప్పుడు ఆపాటి మర్యాద కూడా అక్కర్లేకపోయింది. ఇప్పుడు ముంచే ప్రాజెక్టు పేరే జిల్లాకు పెట్టారు. మునిగాక కూడా తామెక్కడివాళ్లో మరిచిపోకుండా ఉంటారని కాబోలు!

గణపతిదేవుడు నయం. పుట్టింటివాళ్లకు ఏనుగులైనా ఇచ్చాడు. మా కోయగూడెంలో మగపెళ్లివాళ్లు పిల్ల తరఫువాళ్లకిచ్చే ఓలి మాట్లాడుకున్నాకే పందిరి వేస్తారు. మా ఓలి ఇదీ: భూమికి భూమి, ఊరికి ఊరు, ముంపు పరిహారం పైసాతో సహా, అదీ నీళ్లు రాకముందే. అది చేతిలో పెట్టకుండా ఇంకో జిల్లా పేరు పట్టుకుని వచ్చే పెళ్లిళ్ల పేరయ్యల్ని పొలిమేరలోనే నిలబెట్టి అడగాలి: ‘అయ్యా, మీక్కావాల్సింది పిల్లా, నీళ్లు పట్టే తొట్టా?’