వాసెన కట్టిన నోరు

నొప్పి నేను ఓర్చుకోగలను. ఉమ్మకుండా ఉండటమే నా వల్ల కాదు. పన్ను తీయించుకున్నాక గాని ఈ సంగతి నాకు తెలిసిరాలేదు. మా ఇంట్లోవాళ్ళకి మాత్రం ముందునుంచీ తెలుసట.

కింది దవడలో చిట్టచివర, అడ్డంగా పడుకున్న పన్ను అది. పూర్తిగా పైకి రాదు, లోపలా ఉండదు. సగం కప్పిన చిగురు సందులో మెతుకు ఇరుక్కోవడం, దవడ వాయడం, మాత్రలు వేసుకుంటే తగ్గడం, నెల తిరగకుండా మళ్ళీ వాయడం. "తీసేద్దామండీ" అని డాక్టరమ్మ అన్నప్పుడల్లా నేను పంచాంగం చూసేవాణ్ణి. సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బొబ్బట్లు, శ్రీరామనవమికి వడపప్పు. శివరాత్రి ఒక్కటే నాకు అనుకూలంగా కనిపించింది గాని మర్నాటి పారణ గుర్తొచ్చి అదీ వదులుకున్నాను. చివరికి విసుగెత్తి ఆ పన్నే ముహూర్తం పెట్టింది. సరిగ్గా మా ఇంట్లో ఆవకాయ పెట్టే వారంలో.

లోపలికి పిలిచేదాకా బయట కూర్చుని ఫోనులో ధైర్యం వెతుక్కున్నాను. 1844 డిసెంబరులో, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో, హోరేస్ వెల్స్ అనే పళ్ళ వైద్యుడికి నైట్రస్ ఆక్సైడ్ పీలిస్తే నొప్పి తెలియదేమోనన్న అనుమానం వచ్చిందట. ఎవరిమీదో ప్రయోగించకుండా తనే ఆ వాయువు పీల్చి, తన దవడ పన్నే పీకించుకుని చూశాడట. నాకు ఇచ్చింది లిగ్నోకెయిన్ సూది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన మందు. అంటే వెల్స్‌కి లేని సుఖం నాకు ఉంది. అయినా ఆ కుర్చీ చేతులమీద నా గోళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉండే ఉంటాయి.

డాక్టరమ్మ పని అరగంటలో అయిపోయింది. ఆ తర్వాతి వారమంతా నా నోటి పని. ఏమిటా పని అంటే, ఏ పనీ చేయకుండా ఉండటం. జీవితంలో ఆ నోటికి ఎప్పుడూ అప్పగించని ఉద్యోగం.

మొదట గాజుగుడ్డ మడిచి గుంత మీద పెట్టి, ముప్పావుగంట గట్టిగా కరిచిపట్టమన్నారు. రక్తం ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడొద్దన్నారు. ఆ ముప్పావుగంటలో నాకు మిగిలిన భాష ఒక్కటే, "ఊఁ". ఆటోలో వస్తూ మా ఆవిడ ఏవేవో అడిగింది. ఊఁ అన్నాను. వేసవి సెలవులకి వాళ్ళన్నయ్య కుటుంబం మా ఇంట్లో దిగడానికి, నా పాత సైకిలు తూకానికి వేయడానికి, హాల్లో నా పడక్కుర్చీ స్థానంలో సోఫా రావడానికి నేను ఆ ఆటోలోనే ఒప్పుకున్నానట. గాజుగుడ్డ నోట్లో ఉండగా ఇచ్చిన మాట చెల్లదని తర్వాత వాదించాను. చెల్లుతుందని తీర్పొచ్చింది.

మత్తు దిగేదాకా పెదవి, నాలుక నావి కావు. మూతి చెవిదాకా వంకరపోయిందని ఏడుపొచ్చింది. అద్దంలో చూస్తే ఎప్పటి మూతే. ఆ మత్తులో ఏమీ నమలకూడదు, మన చెంప మనమే కొరుక్కున్నా తెలియదు. వేడి కాఫీ తాగకూడదు, కాలినా తెలియదు. కాఫీ చల్లార్చి ఇచ్చింది మా ఆవిడ. చల్లారిన ఫిల్టరు కాఫీ తాగడం కన్నా పన్ను పీకించుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక డాక్టరమ్మ ఇచ్చిన జాగ్రత్తల కాగితం. ఇరవై నాలుగు గంటలు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో ఏదీ పీల్చకూడదు, పొగ తాగకూడదు. స్ట్రా అలవాటు నాకు లేదు. కానీ వచ్చింది మామిడి కాలం, ఇంట్లో ఉన్నవి నూజివీడు చిన్నరసాలు. వాటిని కోసుకు తినడం పాపమని నమ్మే వంశం మాది, జుర్రుకోవాల్సిందే. "రసాలు జుర్రుకోవచ్చాండీ?" అని ఫోనులో అడిగాను. అడిగానంటే, ఆ మూతితో నాకు చేతనైన శబ్దాలు చేశాను. "లోపలికి పీల్చేది ఏదైనా స్ట్రా కిందే లెక్క" అంది డాక్టరమ్మ.

కారణం కూడా చెప్పింది. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకకీ నరాలకీ ఆ గడ్డే కప్పు. గట్టిగా ఉమ్మినా, పీల్చినా, నాలుకతో పొడిచినా అది ఊడివచ్చే ప్రమాదం ఉంది. ఊడితే ఎముక బయటపడుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. కింది దవడ చివరి పళ్ళకే ఆ బెడద ఎక్కువ. మూడో రోజు ప్రాంతంలో నొప్పి మొదలై చెవిదాకా లాగుతుంది, నోరు వాసనేస్తుంది.

నాకు ఇదంతా ఎక్కలేదు. మా ఆవిడ ఎక్కించింది. అదే పొద్దున కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు కొట్టి, ఆవపిండీ కారం ఉప్పూ నువ్వుల నూనె పట్టించి జాడీకెత్తి, మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టింది. "మూడు రోజులు ఈ జాడీని కదపనివ్వరు, తడి చెయ్యి తగలనివ్వరు, పిల్లలు అటు వెళ్తే కసురుతారు. ఆ కాపలా ఏదో మీ నోటికి కాయండి, చాలు" అంది. అంతే. నలభై ఏళ్ళుగా జాడీలకి కాపలా కాసిన అనుభవం ఒక్కసారిగా పనికొచ్చింది.

ఉమ్మకుండా ఉండటం మాత్రం నరకమే. మన పద్ధతిలో భోజనమంటే చివర సింకు దగ్గర నాలుగు వీధులకి వినపడేలా పుక్కిలించి ఉమ్మితేనే పూర్తయినట్టు. పొద్దున నాలుక గీసుకునేటప్పుడు నేను చేసే శబ్దానికి మా వీధి లేస్తుంది. ఎదురింటి మాస్టారికి అలారం లేదు, నేనే. మర్నాడు ఆయన బడికి ఆలస్యమై, సాయంత్రం పనిగట్టుకుని వచ్చి, "ఊళ్ళో లేరనుకున్నానండీ" అన్నారు. భోజనం తర్వాత వక్కపొడి లేదు. లాలాజలం గులాబీ రంగులో ఊరుతుంటే ఉమ్మడానికి లేక మింగుతూ, ఒక రోజంతా అలా రావడం మామూలేనని కాగితంలో ఉన్న వాక్యాన్ని పదేపదే చదువుకుంటూ గడిపాను.

మొదటి రోజు చెంపకి బయటినుంచి ఐసు పెట్టాలి, పావుగంట పెట్టి, పావుగంట తీసి. మా ఫ్రిజ్‌లో ఐసు ట్రే పగిలి చాలాకాలమైంది. గడ్డకట్టిన పాల ప్యాకెట్టుని తువ్వాల్లో చుట్టి ఇచ్చారు. పావుగంట నా చెంపకి, పావుగంట ఫ్రిజ్‌కి తిరిగి తిరిగి, మర్నాడు పొద్దున ఆ పాలే కాఫీ అయింది. ఆ కాఫీ మా ఇంట్లో అందరూ తాగారు, నేను తప్ప.

తిండి సంగతి చెప్పాలంటే గుండె తరుక్కుపోతుంది. పెరుగన్నం మెత్తగా పిసికి, తాలింపు లేకుండా. ఆవగింజ ఒక్కటి వెళ్ళి ఆ గుంతలో కూర్చుంటే దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు. చల్లారిన రాగిజావ, ముద్దపప్పు, పాలలో నానిన ఇడ్లీ. దవడ బిగుసుకుపోయి చెంచా కూడా అడ్డంగా వెళ్ళేది కాదు, పక్కకి తిప్పి తోయాలి. ఎదురుగా మా అమ్మ కూర్చుని భోంచేసేది. ఎనభై దాటిన మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు, కట్టుడు పళ్ళు డబ్బాలో ఉంటాయి. చిగుళ్ళతోనే నిరుటి ఆవకాయ టెంకని ఒక పట్టు పట్టి, పీల్చి పిప్పిచేసి పక్కన పెట్టి, "పళ్ళుంటే ఇన్ని తిప్పలురా నాన్నా" అనేది.

వైద్యం చెప్పని చుట్టం లేడు. అమ్మ లవంగాలు నూరి గుంతలో పెడతానంది. లవంగం నూనెలోని యూజినాల్‌ని పళ్ళ డాక్టర్లు వాడే మాట నిజమే. అది ఎక్కడ, ఎంత పెట్టాలో వాళ్ళకి తెలుసు. పచ్చిపుండు మీద లవంగం ముద్ద మంటపెట్టి పోతుంది. మా పెదనాన్నగారబ్బాయి ఆస్పిరిన్ మాత్ర చిగురు పక్కన నొక్కిపెట్టుకోమన్నాడు. అది చిగురుని కాల్చేస్తుంది, పైగా రక్తాన్ని పలచబరుస్తుంది. వాడి పళ్ళన్నీ సలక్షణంగా ఉన్నాయి, వాడి సలహాలు మాత్రం ఎదుటివాడి నోట్లోకే.

రెండో రోజునుంచి ఉప్పునీళ్ళు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు, తిన్న ప్రతిసారీ. పుక్కిలించడం కాదు. నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, సింకు మీదకి వంగి నోరు తెరిస్తే వాటంతటవే జారిపోవాలి. ఉద్యోగంలో ముప్పైమందిని అజమాయిషీ చేసిన మనిషిని, సింకు మీద చొంగ కారుస్తుంటే మా మనవరాలు వచ్చి పక్కన నిలబడి తనూ కార్చింది. ఇద్దరికీ కలిపే తువ్వాలు ఇచ్చారు.

మూడో రోజు వచ్చింది. వాపు రెండు మూడు రోజులకే శిఖరానికి చేరుతుందని కాగితంలో ఉంది, నేను ఆ వాక్యం చదవలేదు. టార్చి వేసి ఫోనుతో ఫొటో తీసి చూస్తే గుంతలో తెల్లగా, పసుప్పచ్చగా ఏదో ఉంది. చీము అనుకున్నాను. డ్రై సాకెట్ అనుకున్నాను. వీలునామా గురించి కూడా అనుకున్నాను. ఫొటోని డాక్టరమ్మకి పంపబోయి కుటుంబం గ్రూపులో పెట్టాను. ఒక పిన్ని నమస్కారం పెట్టింది. ఇంకొకరు "ఏ ఊరి గుడి?" అని అడిగారు. చివరికి పంపితే డాక్టరమ్మ చూసి, అది పుండు మానుతుంటే వచ్చే పొర, గోకకండి అంది. రక్తం ఆగకపోయినా, జ్వరమొచ్చినా, మూడు రోజులు దాటాక కూడా వాపు పెరుగుతున్నా, మింగడం కష్టమైనా ఫోను చేయమంది, నిద్రపట్టక కాదు అని కూడా అంది.

అదే మూడో రోజు, ఆవకాయ తిరగగలిపే రోజు. వాసెన విప్పారు. ఇంట్లో ఉప్పు చూసే ఉద్యోగం నాది, పెళ్ళయిన నాటినుంచీ. వేడన్నంలో కొత్త ఆవకాయ కలిపి మొదటి ముద్ద నా నోటికి వచ్చేది. ఈసారి ఆ ముద్ద నా ముందునుంచి వెళ్ళి ఎదురింటి మాస్టారి చేతిలో పడింది. ఆయన కళ్ళు మూసుకుని తిని, "ఉప్పు రవ్వంత తగ్గిందండీ" అన్నారు. పదవి పోయిన బాధ పన్ను పోయిన బాధ కన్నా ఎక్కువ. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక జాడీ దగ్గరికెళ్ళి వాసన చూసి వచ్చాను. వాసన చూడొద్దని కాగితంలో లేదు.

వారానికి కుట్లు తీశారు. "పైన చిగురు మూసుకోవడానికి కొన్ని వారాలు, లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు" అంది డాక్టరమ్మ. మొదటి ముక్క మా ఆవిడ విన్నది, రెండోది నేను ఇంటికి మోసుకొచ్చాను. బరువు పనులు వద్దని కాగితంలో ఉంది, ఎన్నాళ్ళో రాయలేదు. నొప్పి ఎప్పుడో పోయింది. అయినా గ్యాసు సిలిండరు వచ్చినప్పుడు, బియ్యం బస్తా దించాల్సినప్పుడు, వాళ్ళన్నయ్య సామాను మేడెక్కించాల్సినప్పుడు నా చెయ్యి దానంతటదే చెంపకి వెళ్ళేది. నాలుగైదు రోజులు బాగానే సాగింది. పక్కగదిలో చెగోడీ చప్పుడు వినిపించిన సాయంత్రం నా రోగం రద్దయింది.

పన్ను తీయించుకోవాల్సినవాళ్ళు మీలో ఉంటారు. చీమో జ్వరమో ఉంటే పంచాంగం చూడకుండా ఇవాళే వెళ్ళండి. లేకపోతే మాత్రం ఇంట్లో ఆవకాయ ఎప్పుడు పెడుతున్నారో అడిగి, కాయ కొట్టక ముందే వెళ్ళండి, లేదా తిరగగలిపాక వెళ్ళండి. మధ్యలో వెళ్ళకండి.