ఇంటర్‌ఫేస్ పతనం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఇది హైదరాబాదు మాదాపూర్‌లో ఒక మేడ ఆరో అంతస్తున, రాత్రి పదకొండు గంటల వేళ పుట్టిన సంభాషణ కావ్యం. అప్పటికి అమెరికా తూర్పు తీరంలో పట్టపగలు. అక్కడి ఒక ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడ ముగ్గురు కాపలా. అన్న ఏళ్ల తరబడి ఆ కోడ్‌లోనే ఉన్నవాడు కనుక విరాగి. తమ్ముడు కొత్తగా చేరినవాడు కనుక జిజ్ఞాసువు. టెస్టింగ్ అక్క, వాళ్లిద్దరూ బాగుందన్నదాన్ని బాగాలేదని రుజువు చేసి జీతం తీసుకునే ఆవిడ. రసం హాస్యమని ఒక పక్షం, కరుణమని ఒక పక్షం. శాంతం కాదనే విషయంలో విభేదం లేదు.

మూలం. అన్న: "ఓరి దేవుడా! ఇంటర్‌ఫేస్ మళ్లీ పడిందిరా. క్యూలో నాలుగు వేల మెసేజీలు."

టీక. ఓరి దేవుడా = ఓ భగవంతుడా; ఇంటర్‌ఫేస్ = ఒక యంత్రము పలుకును వేరొక యంత్రమునకు మోయు దూత; మళ్లీ = మునుపటివలెనే; పడింది = పని మానినది; రా = తమ్ముడా; క్యూలో = వరుసయందు; నాలుగు వేల మెసేజీలు = అన్ని సందేశములు (నిలిచియున్నవని శేషము).

తాత్పర్యం. ఓ తమ్ముడా! ప్రయోగశాలనుండి వార్డునకు వార్తలు మోయు దూత నేడును కూలబడెను. వార్తలు దారిలో ఉన్నవి. ఇక మన నిద్ర మాట మరువుము.

విశేషాలు. దైవనామంతో మొదలయింది కనుక మంగళాచరణం సిద్ధించింది. అది స్తుతి కాదు గదా అని శంకిస్తే, ఆపదలో పలికినదే అసలు స్తుతి అని సమాధానం. 'మళ్లీ' అన్నది ఈ కావ్యానికి ప్రాణం. అది లేకపోతే ఇది వార్త, ఉండబట్టి చరిత్ర.

దూత ఎందుకు పడ్డాడన్నది తెలియాలి. 1987లో ఏర్పడిన హెచ్‌ఎల్7 సంస్థ కూర్చిన రెండో వెర్షన్ భాషలోనే అమెరికా ఆస్పత్రుల యంత్రాలు నేటికీ ఎక్కువగా మాట్లాడుకుంటాయి. ఒక్కో సంగతికి ఒక్కో పంక్తి. పంక్తికి ముందు మూడక్షరాల పేరు. పీఐడీ అంటే రోగి వివరాలు, ఓబీఎక్స్ అంటే పరీక్ష ఫలితం. గడికీ గడికీ మధ్య నిలువుగీత; గడిలో చిన్న గదులకు టోపీ గుర్తు. వ్యాఖ్యల గడిలో ఎవరో నిలువుగీత కొట్టారనుకోండి, అక్కడినుంచి గడులన్నీ ఒకటి చొప్పున పక్కకు జరుగుతాయి. ఎవరో అలవాటుగా ఎంటర్ నొక్కారనుకోండి, 'రోగి నిలకడగా ఉన్నాడు' అన్న వాక్యంలో సగం కొత్త పంక్తిగా దిగుతుంది. దానికి మూడక్షరాల పేరు లేదు. దూత అక్కడే ఆగిపోయి, వెనకవాళ్లందరినీ ఆపేస్తాడు. ఇలాంటి గుర్తులకు మారువేషం వేసి పంపాలని శాస్త్రంలో నియమం ఉంది: నిలువుగీతకు బదులు రెండు బ్యాక్‌స్లాష్‌ల నడుమ ఎఫ్ అక్షరం. నియమం ఉన్నదన్న విషయం పంపేవాడికి తెలియాలన్న నియమం మాత్రం లేదు.

మూలం. తమ్ముడు: "స్టాండర్డ్ అన్నారు కదన్నా?" అన్న: "స్టాండర్డేరా. కాకపోతే ఈ ఆస్పత్రిది వేరే స్టాండర్డ్."

టీక. పదాలన్నీ తేలికే. 'కాకపోతే' ఒక్కటే కఠినం. అది ముందు చెప్పినదాన్ని ఒప్పుకుంటూనే పూర్తిగా రద్దు చేసే అవ్యయం.

విశేషాలు. ఇక్కడ పూర్వవ్యాఖ్యాతలు అద్వైతం, విశిష్టాద్వైతం అంటూ పేజీలు నింపారు. అంత దూరం పోనక్కరలేదు, చిన్నయసూరి బాలవ్యాకరణం చాలు. సూత్రం కుదరని చోటల్లా 'బహుళంబుగా' అని ఒక మాట వేసి ఆయన గట్టెక్కిన సంగతి బడి పిల్లలకూ తెలుసు. బహుళానికి నాలుగు ముఖాలు: ఒకచోట కార్యం తప్పక జరుగుతుంది, ఒకచోట జరిగినా జరగకున్నా సరే, ఒకచోట అసలు జరగదు, ఒకచోట ఇంకేదో జరుగుతుంది. హెచ్‌ఎల్7 వారి బహుళం పేరు జెడ్. జెడ్‌తో మొదలయ్యే పంక్తులను ఎవరికి వారు సొంతానికి సృష్టించుకోవచ్చునని అనుమతి ఇచ్చారు. తత్ఫలితంగా ఒక ఆస్పత్రి ఇన్సూరెన్సు ముచ్చటను జెడ్ పంక్తిలో తప్పక పంపుతుంది, ఒకటి సోమవారాల్లో పంపుతుంది, ఒకటి పంపదు, ఒకటి అదే పేరు గల పంక్తిలో రోగి కారు పార్కింగు చీటీ నంబరు పంపుతుంది. చిన్నయసూరికి ఈ ఉద్యోగం ఇచ్చి ఉంటే సూత్రాలు కొంచెం తగ్గించి బహుళాలు పెంచేవాడని మా అనుమానం.

తమ్ముడి ప్రశ్నలో మరొకటి దాగి ఉంది: కొత్త పద్ధతికి మారకూడదా? ఫైర్ అనే కొత్త స్టాండర్డ్ ముసాయిదా 2011లో వచ్చింది. చూడముచ్చటగా ఉంటుంది, నేటి కుర్రకారుకు అలవాటైన జేసన్‌లో మాట్లాడుతుంది. అందులోనూ సొంత చేర్పులకు 'ఎక్స్‌టెన్షన్' అని ఒక ద్వారం తెరిచి ఉంచారు. బహుళం తెల్లచొక్కా వేసుకుని వచ్చిందన్నమాట. పైగా ఈ ఆస్పత్రికి అవతల ఉన్న క్లినిక్కు ఇప్పటికీ ఫ్యాక్స్ పంపుతోంది. అక్కడ ఏ స్టాండర్డూ లేదు, కాగితం తిరగబడకుండా ఉంటే చాలు.

మూలం. తమ్ముడు: "అన్నా, ఎఫ్ఎన్‌యూ పేరుతో ఇద్దరున్నారు. ఇంటిపేరొకటే, ఫోనొకటే, ఇద్దరిదీ జూలై 1. డూప్లికేటని సిస్టమ్ అంటోంది. కలిపేయనా?" అన్న: "ఆగరా బాబూ!"

టీక. ఎఫ్ఎన్‌యూ = పేరు తెలియదు; డూప్లికేట్ = ఒకే మనిషికి రెండు రికార్డులు; కలిపేయనా = ఏకము చేయుదునా; ఆగరా బాబూ = ఆగుము (రెండు సంబోధనలు భయాధిక్యమును తెలుపును).

విశేషాలు. ఈ మూలం మన వాళ్లకే పూర్తిగా అర్థమవుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి, రెండో గడి ఖాళీగా మిగిలితే, అమెరికా వీసాలో ఆ ఖాళీని ఎఫ్ఎన్‌యూ అన్న మూడక్షరాలు ఆక్రమిస్తాయి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పొడుగు పేరు ఆస్పత్రి గడిలో పట్టక సగంలో తెగితే మిగిలేది ఇంటిపేరే. జూలై 1 సంగతి వేరే చెప్పాలా? బడిలో వేసే రోజున పంతులుగారు లెక్కకు వీలుగా రాసిన తారీఖు. జూన్ 1, జూలై 1 తారీఖుల్లో పుట్టిన పెద్దలు ప్రతి తెలుగు ఇంటా కనబడతారు. ఇక ఫోను నంబరు, అమెరికాలో ఉన్న కొడుకుది.

కాబట్టి ఆ ఇద్దరూ మనవణ్ణి చూడడానికి వెళ్లిన భార్యాభర్తలు. పుట్టిన సంవత్సరంలో ఒక అంకె తేడా. దాన్ని టైపింగ్ పొరపాటుగా యంత్రం క్షమిస్తుంది. ఆడా మగా అన్న గడిలో తేడా, అదీ అంతే. కలిపితే ఆయన బీపీ మందు, ఆవిడ పెన్సిలిన్ ఎలర్జీ ఒకే దస్త్రంలో కాపురం పెడతాయి. కలపడానికి ఒక మెసేజ్ చాలు. విడదీయడానికి నెలలు పడుతుంది, అప్పటికీ ఏ పరీక్ష ఎవరిదో తేలదు.

మనిషికొక నంబరు ఇస్తే పోదా అంటే, ఇవ్వాలనే 1996 నాటి హిపా చట్టం చెప్పింది. మరో రెండేళ్లకే, ఆ పనికి ప్రభుత్వ సొమ్ము ఖర్చు పెట్టరాదని అదే అమెరికా కాంగ్రెస్ బడ్జెట్‌లో అడ్డం వేసింది. పౌరుల ఆంతరంగిక విషయాలు బయటపడతాయన్న భయం. భయం అబద్ధం కాదు. కాని దాని వల్ల పేరు, పుట్టినరోజు, ఊహ అనే మూడు కాళ్ల మీద యంత్రం నడుస్తోంది. మన దేశంలో 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా నంబరుతో ముందుకు వచ్చింది. అందులోనూ పేరు ఆధార్‌లో ఒక రకంగా, ఆస్పత్రి చీటీలో ఒక రకంగా ఉండే భాగ్యం మనది.

ప్రస్తావవశాత్తు నాయకనిర్ణయం. ఈ కావ్యానికి నాయకుడు అన్న అని కొందరు రాశారు. అది పొరపాటు. నాయకుడు ఆ మంచం మీది రోగి. ఆయన ఒక్కసారీ రంగం మీదికి రాడు. రికార్డు, మెసేజ్, డూప్లికేట్, టికెట్ అని నానా పేర్లతో పిలవబడతాడు. ముగ్గురి విసుగుకూ ఆయనే కారణం. ఆయన పేరు గడిలో పట్టదు, వయసు లెక్కకు రాదు, ఆయన గురించి రాసిన మాటలో నిలువుగీత ఉంటుంది.

మూలం. అక్క: "నవంబర్ మొదటి ఆదివారం రిలీజ్ పెట్టావంటే నేను రాజీనామా."

తాత్పర్యం. ఓ అన్నా! అమెరికాలో గడియారములు వెనుకకు తిరుగు రాత్రి కొత్త కోడు పంపితివేని నన్ను మరువుము.

విశేషాలు. ఆ తెల్లవారుజామున ఒంటిగంట రెండుసార్లు వస్తుంది. కవలల్లో మొదటి బిడ్డ 1:50కి పుట్టి, రెండో బిడ్డ అరగంట తరవాత 1:20కి పుట్టవచ్చు. పెద్దదెవరో తల్లికి తెలుసు, డేటాబేస్‌కు తెలియదు. నాలుగు గంటలకొకసారి ఇవ్వాల్సిన మందు ఆ రాత్రి ఎప్పుడివ్వాలన్నది నర్సు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. మన పంచాంగకర్తలు ఈ చిక్కును ఏనాడో విప్పారు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. ఒకటి అధికం, ఒకటి నిజం అని పేర్లు పెట్టారు, ఎవరి నోమూ చెడలేదు. 'అధిక 1:20', 'నిజ 1:20' అని రెండు మాటలు రాయడం ఈ ప్రోగ్రామర్లకు ఎందుకు చేతకాలేదని ఒక సిద్ధాంతిగారు అడిగితే జవాబు చెప్పడం కష్టం. గ్రీనిచ్ కాలంలో దాచుకోమని శాస్త్రం ఉంది. పాత కోడు శాస్త్రం చదవలేదు.

మూలం. తమ్ముడు: "బాతు కొడితే కూడా కోడ్ ఉందటన్నా!"

విశేషాలు. నిజమే. డబ్ల్యూ61.62. అమెరికా 2015 అక్టోబర్ 1న ఐసీడీ-10కి మారినప్పుడు రోగనిర్ధారణ కోడ్‌లు సుమారు 14 వేల నుంచి 70 వేల దగ్గరకు ఎగబాకాయి. విమానం ఇంజన్‌లోకి లాగబడినవాడికి ఒకటి, అతడే మళ్లీ చూపించుకోవడానికి వస్తే ఇంకొకటి. మళ్లీ వచ్చాడంటేనే కావ్యం సుఖాంతమని ధ్వని. అత్తవారితో పడకపోవడానికి జెడ్63.1. దీనికి ఎంతమంది అర్హులో విచారించడం వ్యాఖ్యాత పని కాదు.

మూలం. అన్న: "నా మెషీన్‌లో పనిచేస్తోంది."

స్పష్టం.

మూలం. అన్న: "ఆ ఫంక్షన్ ముట్టుకోకు. రాసినాయన రిటైరయ్యాడు."

విశేషాలు. ఫంక్షన్ ఎంత పాతదంటే, మంప్స్ భాషలో ఉంది. 1960ల రెండో సగంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో పుట్టిన భాష అది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు గవదబిళ్లల పేరు పెట్టిన వాళ్ల ధైర్యం మెచ్చదగినదే. జ్ఞాపకశక్తి అణాల్లో దొరికే రోజులు కనుక ఆజ్ఞలన్నీ ఒక్కో అక్షరానికి కుదించవచ్చు. ఎస్ అంటే పెట్టు, డబ్ల్యూ అంటే రాయి, కె అంటే చంపు. ఆ కె ఒక్కటి తప్పు చోట పడితే దస్త్రాల కొమ్మంతా పోతుంది. అమెరికాలో పెద్దపెద్ద ఆస్పత్రుల రికార్డులు ఇవాళ్టికీ ఈ వంశం మీదనే నిలబడి ఉన్నాయి. ఫంక్షన్ నెత్తిన రిటైరైనాయన ఒక వ్యాఖ్య రాసి వెళ్లాడు: 'తాత్కాలికం, తరవాత సరిచేయాలి.' ఇదే మూలానికి ఉన్న ఏకైక ప్రామాణిక వ్యాఖ్య. మాకు అసూయగా ఉంది.

మూలం. అక్క: "డోసు ఎక్కువని వార్నింగ్ పెట్టాం కదా. డాక్టర్ చదవకుండా ఓకే కొట్టేశారు." అన్న: "రోజూ వంద వార్నింగులిస్తే నువ్వు మాత్రం చదువుతావా?"

టీక. వార్నింగ్ = హెచ్చరిక; ఓకే = దానిని తొలగించు మీట.

విశేషాలు. ఇక్కడ హాస్యం ఆగుతుంది. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు హద్దు మీరిన మోతాదు ఇచ్చింది. కొందరు దానివల్ల మరణించారు. టెక్సాస్‌లో ఒక ఆపరేటర్ తెర మీది పొరపాటును చురుగ్గా దిద్దింది. ఆ చురుకుదనాన్ని సాఫ్ట్‌వేర్ అందుకోలేకపోయింది. తెర మీద వచ్చింది 'మాల్‌ఫంక్షన్ 54' అన్న మాట మాత్రమే. అలాంటి సందేశాలు ఆ యంత్రానికి నిత్యకృత్యం. పి మీట నొక్కితే కొనసాగేది. ఆమె నొక్కింది. ఆమె అజాగ్రత్త అనే వ్యాఖ్యలను మేము అంగీకరించం. ప్రతిదానికీ అరిచే యంత్రం, దేనికీ అరవని యంత్రం రోగి పక్షాన ఒకటే. అన్న అడిగిన ప్రశ్నకు అక్క బదులు చెప్పలేదని మూలంలో ఉంది. అది ఒప్పుకోలుగా తీసుకోవాలి.

మూలం. తమ్ముడు: "క్యూలో ఒక ఓబీఎక్స్ చూశానన్నా. పొటాషియం 6.8, పక్కన హెచ్‌హెచ్ అని ఉంది. వార్డుకు ఎవరైనా ఫోన్ చేశారా?"

టీక. పొటాషియం = రక్తమందలి లవణము (5 దాటిన ఎక్కువ; 6.8 గుండె లయను చెరుపగలది); హెచ్‌హెచ్ = ప్రమాదకరముగా అధికము; ఎవరైనా = ఎవరైనను.

విశేషాలు. ఇలాంటి ఫలితం కనబడితే ప్రయోగశాల వారు వెంటనే ఫోన్ చేసి చెప్పి, విన్నవారిచేత తిరిగి చదివించుకోవాలన్నది ఆస్పత్రుల ఆచారం. ఆ మధ్యాహ్నం చేశారా లేదా? మూలంలో లేదు. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న మెదకుసీమ మల్లినాథసూరి పక్షమే మాది కూడా.

మూలం. అన్న: "చేసే ఉంటార్లేరా. క్యూ కదులుతోంది. టీ తాగొద్దాం పద."

టీక. చేసే ఉంటార్లే = చేసియే యుందురు (ఇందలి 'లే' ఆధారము లేని భరోసా యందు వచ్చినది); క్యూ = వరుస; కదులుతోంది = చలించుచున్నది; టీ = తేనీరు; తాగి = పానము చేసి; వద్దాం = తిరిగి వత్తము; పద = నడువుము.