కోయని కత్తి కొనడం ఎలా?

బొగ్గుబాయి క్వార్టర్లలో ఈమధ్య కొత్త ఆపద మొదలైంది. మొదటి షిఫ్టు దిగి, మాసిన బట్టలైనా విప్పకముందే లోపలి నుంచి పిలుపు: "జర ఉల్లిగడ్డలు కోసియ్యరాదూ!" ఒక్కసారి సన్నగా, సమంగా కోసిచ్చారా, రిటైరయ్యేదాకా ఆ పని మీ ఖాతాలోనే. ఎదురు మాట్లాడితే గొడవ. అలిగితే అన్నం ఉండదు. మిగిలిన దారి ఒక్కటే: మీరే బజారుకు వెళ్లి మీరే కత్తి కొనండి. అలా ఇంటి మీద శ్రద్ధ ఉన్నవాడన్న పేరు వస్తుంది, కోసే బాధా తప్పుతుంది. రామగిరి మండలం సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖని లక్ష్మీనగర్ దాకా ఎక్కడైనా పనిచేసే చిట్కాలివి.

1. జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి.

స్టీలు గిన్నెలు కొనేటప్పుడు మన అమ్మలు చేసే పరీక్షే ఇది. అంటుకుంటే నాసిరకం, అంటుకోకపోతే అసలు సరుకు. ఆ పరీక్షనే కత్తికి పెట్టండి. వేడి చేసి ముంచితే గట్టిపడి, అంచు నిలుపుకునే కత్తి స్టీలు అయస్కాంతానికి అంటుకుంటుంది. పద్దెనిమిది పాళ్లు క్రోమియం, ఎనిమిది పాళ్లు నికెల్ ఉండే గిన్నెల స్టీలు సాధారణంగా అంటుకోదు. దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు కూడా. కాబట్టి అంటుకున్నవన్నీ పక్కకు నెట్టి, అంటుకోనిదాన్ని ఏరుకోండి. ఇంటికి తెచ్చేది పదునైన గరిటె అన్నమాట. దుకాణదారు "అన్నా, కత్తికి అట్ల చూడొద్దు" అని చెప్పబోతే, "ఇనుము సంగతి నాకు చెప్తున్నవా? నేను ఫిట్టర్ను" అనండి. మీరు ఎలక్ట్రీషియనైనా సరే, ఆ పూటకు ఫిట్టరే.

2. రేకు వైపు చూడకండి. పిడి రంగు చూడండి.

మంచి కత్తిలో ఉక్కు పిడి చివరిదాకా నడుస్తుంది, పక్కనుంచి చూస్తే రెండు మూడు రివెట్లు కనిపిస్తాయి. అలాంటిది ఇంట్లోకి వస్తే పదేళ్లయినా ఊడదు, మీకు విముక్తి ఉండదు. ప్లాస్టిక్కు పిడిలో అంగుళం మాత్రమే గుచ్చి వదిలేసిన రకం తీసుకోండి, గులాబీ రంగుదైతే ఇంకా మంచిది. ఏదో ఒకరోజు గుమ్మడికాయ మధ్యలో ఉండగా పిడి మీ చేతిలోకి, రేకు కాయలోకి వెళ్లిపోతాయి. ఆ పిడిని అలాగే పట్టుకుని హాల్లోకి వచ్చి, "నేనైతే కోద్దామనే కూసున్న" అనండి. ఆ రోజుకు మీ మస్టర్ పడినట్టే.

3. సెట్టు కొనండి.

లాభాల వాటా చేతికొచ్చిన వారంలో ఇది తేలిక. ఇంటి వంటకు నిజానికి కావలసినవి రెండే: ఏడెనిమిది అంగుళాల పెద్ద కత్తి ఒకటి, మూడు నాలుగు అంగుళాల చిన్నది ఒకటి. ఆ రెంటి డబ్బుతోనే చెక్క స్టాండుతో సహా పన్నెండు వస్తాయి. పన్నెండింటిలో ఏదీ తెగదు, ప్రతిదానికీ ఒక సాకు మాత్రం ఉంటుంది. ఇది బ్రెడ్డుది, దీంతో టమాటలు కోయొద్దు. ఇది చేపలది, శనివారం ముట్టొద్దు. ఇది జున్నుది, మన ఇంట్లో జున్నెక్కడిది? బీరకాయ కోయడానికి సెట్టులో కత్తే ఇవ్వలేదు, దుకాణదారును అడగాలి.

4. కొలిమి వైపు అస్సలు పోకండి.

ఊళ్లలో ఇంకా కొలిమి నడుపుతున్నవాళ్లు ప్రమాదకరమైన మనుషులు. లారీ కమాన్ పట్టీ తీసుకుంటారు. అది బరువుకు వంగి మళ్లీ లేవడానికి తయారైన ఉక్కు, అందులో కత్తికి సరిపడా కార్బన్ ఉంటుంది. ఎర్రగా కాల్చి, కొట్టి, ముంచి, పెళుసుతనం పోయేలా మళ్లీ కొంచెం వేడి చేసి ఇస్తారు. పైగా ప్రశ్నలు వేస్తారు: "కూరగాయలకా, మాంసానికా? మీది పుర్ర చెయ్యా?" ఇన్ని ప్రశ్నలు అడిగినవాడు ఇచ్చిన కత్తి కోయక చస్తుందా?

ఇలాంటి కత్తి తాతల కాలం నుంచి మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే కంగారు పడకండి. దాని బలహీనత తడి. కోసిన వెంటనే కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాస్తే తరాలు దాటిపోతుంది. కాబట్టి తుడవకండి. నిమ్మకాయ కోసి, చింతపండు పులుసు అంటించి, రాత్రంతా సింకులో వదిలేయండి. పొద్దునకు నల్లబడి, అంచున ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. "దీంతో కోసిన కూర తింటే ఏమన్న అయితది" అని భయపెట్టి, అటకెక్కించండి. కొంచెం బూడిదతో రుద్దితే ఆ తుప్పు పోతుందని మీ అత్తమ్మకు తెలుసు. ఆమె ఊరెళ్లిన రోజు చూసుకుని ఈ పని పెట్టుకోండి.

5. కత్తి తెగట్లేదని ఎవరైనా అడిగితే చరిత్ర అందుకోండి.

ఇది నాకు బాగా నచ్చిన చిట్కా. ఖర్చు లేదు, చెమట లేదు. "మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి నీకు తెల్వదు" అని మొదలుపెట్టండి. మూసల్లో కరిగించి తీసిన ఆ ఊరి ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారని, ప్రపంచం డమాస్కస్ కత్తులని మెచ్చుకున్నవాటి వెనక ఉన్నది ఇలాంటి దక్కన్ ఉక్కేనని చెప్పండి. ఇదంతా నిజం, కాబట్టి ఎవరూ కాదనలేరు. అయినా ముచ్చట ముగియకపోతే ఇంగ్లండుకు వెళ్లండి. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకి గొట్టాలు అరిగిపోకుండా ఉండే లోహం వెతుకుతూ తుప్పు పట్టని స్టీలు పోత పోశాడు. అక్కడి కత్తుల పనివాళ్లు మొదట్లో అతన్ని కోయని కత్తి కనిపెట్టినవాడని ఎగతాళి చేశారు. "మన చేతిల ఉన్నది ఆ వంశందే" అని గర్వంగా ముగించండి. అప్పటికి కుక్కర్ మూడు విజిల్స్ వేసి ఉంటుంది, ఎవరో ఒకరు కూర కోసేసి ఉంటారు.

6. చెక్క పీట వాడకండి. గట్టు మీదే కోయండి.

మన వంటింటి గట్టుకు కరీంనగర్ గ్రానైటు కంటే గొప్పది ఏముంది? ఆ రాయి ఓడలెక్కి దేశాలు తిరిగింది. గ్రానైటులోని పలుగు రాయి కత్తి ఉక్కు కంటే గట్టిది. టకటకమని కోస్తే నాలుగు ఉల్లిగడ్డలకే అంచు మడత పడుతుంది. మడత కంటికి కనబడదు కనుక నేరం రుజువు కాదు. చెక్క పీట కొనమంటే, చెక్కలో పురుగులు చేరతాయనండి. గాజు పలక అయితే ఒప్పుకోండి, అదీ రాయితో సమానమే.

7. సాన పట్టించడం అనే వ్యసనానికి దూరంగా ఉండండి.

సైకిల్‌కు చక్రం బిగించుకుని సాన పట్టేటాయన గల్లీలోకి వస్తాడు. ఆయన వచ్చే వేళకు మీరు నైట్ షిఫ్టు చేసి పడుకుని ఉండాలి. నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాణ్ని లేపే ధైర్యం మన బస్తీలో ఎవరికీ లేదు. మొదటి షిఫ్టు అయినా పడుకోండి.

తప్పించుకోలేకపోతే పని మీరే నెత్తిన వేసుకోండి. తడి సానరాయి మీద పదిహేను ఇరవై డిగ్రీల వాలులో, రెండు పక్కలా సమానంగా, ఓపికగా రుద్దేవాళ్లు ఉన్నారు. వాళ్లను చూసి జాలిపడండి. మీరు కరెంటు గ్రైండర్ పట్టండి. నీళ్లు చల్లకండి. నిప్పురవ్వలు దీపావళిలా ఎగరాలి, అంచు నీలం రంగుకు తిరగాలి. ఆ నీలం చూసి పిల్లలు చప్పట్లు కొడతారు. అక్కడితో ఉక్కుకు పెట్టిన పదును దిగిపోయినట్టే. ఆ తర్వాత ఎన్నిసార్లు నూరినా పూట నిలవదు. కొంచెం కూడా అనుమానం రాకుండా ఒక కత్తిని చంపడానికి ఇంతకు మించిన పద్ధతి నేను చూడలేదు.

8. డ్యూటీలో తెలిసినదంతా గేటు దగ్గరే దించి రండి.

అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గు కోసే షేరర్ యంత్రం డ్రమ్ముకున్న పిక్కులు మొద్దుబారితే వాటిని మారుస్తారు. మొద్దు పిక్కుతో బొగ్గు తెగదు, నలుగుతుంది. దుమ్ము లేస్తుంది, మోటారు మూలుగుతుంది. ఇది మిమ్మల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఇంట్లో మాత్రం చెప్పకండి. ఉల్లిగడ్డ కథా అదే: మొద్దు కత్తి కోయదు, చిదుముతుంది. కణాలు ఎక్కువ చితికితే ఘాటు ఎక్కువ లేస్తుంది, కళ్లు ఎక్కువ మండుతాయి. మీరు ఒకే ఒక్క ఉల్లిగడ్డ తీసుకుని, బాగా చిదిమి, కన్నీళ్లతో బయటికి రండి. "పోనీ తీయ్, నేనే కోస్త" అనే మాట వినబడేదాకా కళ్లు తుడుచుకోకండి.

9. కత్తిని కత్తిగా మాత్రమే చూసే సంకుచిత బుద్ధి మానుకోండి.

స్విచ్‌బోర్డు స్క్రూ విప్పండి. డబ్బా మూత లేపండి. సైకిల్ ట్యూబు గీకండి. ప్లేడే మస్టర్ లేని ఆదివారం దుమ్ముల మటన్ తెచ్చి, కొట్టించకుండా తెచ్చి, అదే కూరగాయల కత్తితో ఎముక మీద వేయండి. ఎండాకాలంలో తొక్కు మామిడికాయలు కూడా అంతే. బజారులో పీటకు బిగించిన పెద్ద కత్తితో టెంకతో సహా ఒక్క దెబ్బకు ముక్కలు కొట్టి ఇస్తారు, తీసుకునేదీ కొన్ని రూపాయలే. ఆ రూపాయలు మిగల్చండి. మూడో టెంకకు కత్తి అంచు సగ్గుబియ్యంలా రాలుతుంది, ఏడాది పచ్చడి గురించి అడిగేవాళ్లు ఉండరు.

10. దసరాకు బొట్టు పెట్టండి.

బాయిల్లో, వర్క్‌షాపుల్లో యంత్రాలకు పూజ జరుగుతుంది కదా, ఇంట్లో కత్తులకూ చేయండి. పూజ చేసినదాన్ని వెంటనే ఎంగిలి పనులకు తీస్తారా? దీపావళి దాకా ఆగండి.

11. అమ్మ కత్తిపీటను పొగడండి.

కత్తిపీట మీద కత్తి కదలదు, కాయ కదులుతుంది. రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి, పీటను కాలు పట్టుకుంటుంది. చెప్పాలంటే గొప్ప పనిముట్టు. మీరు ఆ మాటే నోరారా చెప్పండి: "అమ్మా, నీ లెక్క పుంటికూర తరిగేటోళ్లు ఈ జిల్లాల లేరు." ఆమె మోకాళ్ల నొప్పులతోనే కిందికి దిగి కూర్చుంటుంది. "కూసుని లేస్తే కీళ్లకు మంచిదట" అని కూడా కలపండి. ఆమె లేవడానికి గోడ పట్టుకునే సమయంలో మీరు ఫోన్ చూసుకోండి.

12. వాడిన కత్తిని సబ్బు నీళ్ల గిన్నెలో, పళ్లేల అడుగున దాచండి.

ఎవరు కడిగితే వాళ్లకు దొరుకుతుంది.

13. వేలు తెగినప్పుడు.

తెగుతుంది, భయం లేదు. పదునైన కత్తి మీరు చెప్పినచోట దిగుతుంది. మొద్దుదాన్ని బలంగా నొక్కాలి, నొక్కితే టమాట తోలు మీద జారి వేలి మీదికి వస్తుంది. అలా దిగిన గాయం తిన్నగా కూడా ఉండదు, మానడానికి టైం తీసుకుంటుంది. సిక్ కొట్టడానికి అనుకూలం. ఒక్క చిక్కుంది. బాయిలో దెబ్బ తగిలితే చట్టం ప్రకారం రిజిస్టరు ఎక్కుతుంది, ఎంక్వైరీ ఉంటుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. వంటింట్లో ఏళ్ల తరబడి తెగుతున్న వేళ్లకు రిజిస్టరు లేదు. అందుకే ఆ వేళ్లు ఎవరివో మీరు ఇన్నాళ్లూ లెక్క చూడలేదు, ఇకముందూ చూడనక్కర్లేదు.

టీటీ సూది వేయించుకోమంటే నవ్వేయండి. రామగిరి ఖిల్లా మూలికలకు పేరు పడిన గుట్ట. అది కళ్ల ముందుండగా ఆసుపత్రి ఎందుకు? రోడ్డు పక్కన గడ్డి చామంతి ఆకు తెంపి, కడగకుండా, దుమ్ముతో సహా నలిపి కట్టండి. మూడో రోజుకు వేలు వంకాయలా వాస్తుంది. ఇక మిమ్మల్ని కత్తి పట్టమని అడిగేవాడు పాపాత్ముడు.

ఇవన్నీ పాటిస్తే పండగ తిరిగేలోపు ఫలితం కనిపిస్తుంది. గట్టు మీద పన్నెండు కత్తుల స్టాండు మెరుస్తూ ఉంటుంది, ఇంట్లో ఎవరి చేతికో ఒకరికి ప్లాస్టరు ఉంటుంది, సాయంత్రం అందరూ కర్రీ పాయింటు కవర్ల చుట్టూ కూర్చుంటారు. నెల జీతంలో దానికెంత పోతోందో లెక్క రాయకండి.

14. చివరిది, ముఖ్యమైనది: దుకాణంలో బిల్లు అడగకండి. బిల్లుంటే కత్తి వాపసు ఇచ్చి మంచిది తెమ్మంటారు.