హెల్సింకి ట్రాముబండి ఆత్మకథ

మా వంశమునకు మూలము గుఱ్ఱములు. 1891లో హెల్సింకి వీథులలో తొలి ట్రాముబండ్లను లాగినవి అవియే. 1900లో విద్యుచ్ఛక్తి వచ్చి వానిని కాడినుండి విడిపించినది. ఆనాటినుండి మా జాతి యెన్ని రూపములు మార్చినను, మేము నడుచు పట్టాల నడిమి వెడల్పు మాత్రము ఒక్క మీటరుగనే నిలిచియున్నది. నేను 1980ల దశకములో ఫిన్లాండులోని వాల్మెత్ కర్మాగారమున జన్మించితిని. పుట్టినప్పుడు నాకు రెండే భాగములు. మెట్లెక్కినగాని నా లోనికి రాదరము లేకుండెను. కొంతకాలమునకు, ముసలివారికిని పసిబిడ్డల బండ్లు త్రోయు తల్లులకును ఈ మెట్ల బాధ తప్పింపవలెనని తలచి, నన్ను నడుమునకు కోసి, నేలకు చేరువగ నుండు మూడవ భాగము నొకదానిని మధ్య నతికించిరి. మనుష్యులు వయస్సు మీరినకొలది వంగి పొట్టివారగుదురు; నేను పొడవు పెరిగితిని. ఆకుపచ్చయు పసుపును కలిసిన నా మేనిరంగును చూచి, ఎంత మంచు కురియుచున్నను, నగరవాసులు నన్ను దూరమునుండియే గుర్తింతురు.

ఇనుప దేహము గల నావంటిది శీతకాలమును మెచ్చునా యని మీరు సందేహింపవచ్చును. కష్టములు లేకపోలేదు. నవంబరు మాసము మా నగరమునకు గడ్డుకాలము. ఆకులు రాలిపోయి, మంచు ఇంకను నిలువక, సగము వాన, సగము మంచుగా ఏదో యొక తడి దినమెల్ల కురియుచుండగా, నల్లని వీథి దీపముల వెలుగును మ్రింగివేయుచుండును. డిసెంబరు చివరకు పగలు ఆరు గంటలకన్న తక్కువకు దిగును. సూర్యుడు తొమ్మిది దాటిన పిమ్మట వచ్చి, మూడు దాటిన కొంతసేపటికే సెలవు పుచ్చుకొనును. వేకువను డిపో విడిచి నేను బయలుదేరునప్పుడు నెత్తిపైని విద్యుత్తు తీగనిండ నూగుమంచు పేరుకొనియుండును. 600 వోల్టుల ప్రవాహము నందుకొను నా చేయి ఆ మంచును గీచికొనుచు పోవుచుండగా, నీలి మెఱుపులు వీథి పొడవునను ఇండ్ల గోడలపై పడుచుండును. నిద్ర చాలని ప్రయాణికులు కన్నులు చికిలించి, మఱల మూసికొందురు. పట్టాలు జారునప్పుడు చక్రముల ముందు చల్లుకొనుటకై ఇసుక నింపుకొనియే తిరుగుదును. కాలిబాటలపై జనులు జారిపడకుండ నగరపాలకులు చల్లించు కంకర నలుసులు జోళ్ల అడుగున నంటుకొని వచ్చి, నా నేలపై కరకరలాడును. ఆ చప్పుడు వినబడిననాడే నాకు శీతకాలము వచ్చినదను నమ్మకము.

ఇన్ని యిడుములున్నను నేను శీతకాలమునే కోరుదును. వేసవి వచ్చినదా, మా నగరవాసులు నగరమును విడుతురు. ఈ దేశమున సుమారు ఐదు లక్షల వేసవి కుటీరములు కలవు. జూన్ మాసమున యూహన్నుస్ పండుగ వచ్చునప్పటికి ఎవరి సరస్సు వారిది, ఎవరి ఆవిరిస్నానపు సౌనా వారిది, ఎవరి పడవ వారిది. వీథులలో విదేశ యాత్రికులును నేనును మిగులుదుము. వేసవి సుఖము సొంత సుఖము. కుటీరము గలవానికి కలదు, లేనివానికి లేదు. శీతకాలపు సుఖ మట్టిది కాదు. చీకటి ముంచుకొని వచ్చి, చలి యెముకలు కొఱుకుచుండగా, ఎంతకాలమని ఒక్కరు ఒక్క గదిలో ముడుచుకొని కూర్చుందురు? స్నానశాలకో, గ్రంథాలయమునకో, ఈతకొలనునకో, కాఫీ దుకాణమునకో, పదిమంది చేరు చోటికి పోక తప్పదు. వారినట్లు ఒక వెచ్చని కప్పు క్రిందినుండి మఱియొక వెచ్చని కప్పు క్రిందికి చేర్చుటయే నా వృత్తి. కనుకనే వారి సుఖములో నాకును భాగము కలదని చెప్పుకొనుచున్నాను.

చాలకాలము మాలో 3 సంఖ్యగల బండ్లు నగరమును 8 అంకెవలె చుట్టి వచ్చెడివి. 2013లో ఆ దారిని 2 అనియు 3 అనియు రెండు సంఖ్యలకు పంచి యిచ్చిరి. ఆదివారపు మధ్యాహ్నము ఏ పనియు లేక, చోటు చూచికొని కిటికీ ప్రక్క కూర్చుండి, ఆవిరిపట్టిన అద్దమును చేతితొడుగుతో రూపాయి బిళ్లంత మేర తుడిచికొని, ఆ రంధ్రమునుండి నగరమును చూచుచు పోవు రసికులు నాకు తెలియును. ఏలియెల్ సారినెన్ నిర్మించిన రైలు స్టేషను ద్వారమునకు ఇరువైపుల ఇద్దఱిద్దఱుగ నిలిచి, గోళాకార దీపములను చేతబట్టుకొనిన నలుగురు రాతి పురుషులు వారికి మొట్టమొదట దర్శన మిత్తురు. ఎమిల్ విక్‌స్ట్రోమ్ అను శిల్పి చెక్కిన ఆ మూర్తుల భుజములపై మంచు నిలిచిననాడు వారు ఉన్నిశాలువలు కప్పుకొనిన పెద్దమనుష్యులవలె ముచ్చట గొల్పుదురు.

అక్కడినుండి పిత్కాసిల్త వంతెన దాటి కల్లియో పేట కెక్కుదును. ఒకప్పుడు కార్మికుల వాడ. ఇరుకు ఇండ్లలో స్నానపుగదులు లేని కాలమున వీథివీథిని బహిరంగ సౌనాలుండెడివి. వానిలో 1928లో కట్టిన కోతిహర్యు సౌనా నేటికిని కట్టెలతోనే కాగుచున్నది. సాయంకాలము తువాలు సంచి చంకనిడుకొని అక్కడికి పోవువారిని నేను చూచిన వెంటనే పోల్చుకొందును. వారికి తొందర యుండదు. లోపల మెట్లమెట్లుగ నున్న అరుగులపై వరుసగ కూర్చుండి, కాగిన రాళ్లపై నీరు చిలుకరింపగా లేచు ఆవిరిని మాట లేక మేన పట్టింతురట. తాళలేనప్పుడు తువాలు మాత్రము చుట్టుకొని వీథిలోనికి వచ్చి, నీరు గడ్డకట్టు చలిలో, ఒడలినుండి పొగలు చిమ్ముచుండగా, గోడకానుకొని కూర్చుందురు. అధికారి యెవరో, పనివాడెవరో, కోటులు కొక్కెమునకు తగిలించిన తరువాత చెప్పజాలము. తిరిగి వచ్చి నా లోని కెక్కునప్పుడు వారి ముఖములు దానిమ్మగింజల రంగున నుండును. తడి వెండ్రుకల కొసలు స్టాపులో నిలిచిన కొద్దిసేపటిలోనే బిరుసెక్కియుండును. ఎదుటి వారితో ఒక్క మాటయు ఆడరు గాని, ఆ మౌనములో ముభావము లేదు. ఫిన్నుల సౌనా సంప్రదాయమును 2020లో యునెస్కో మానవజాతి వారసత్వముగ నెంచినదని వినియున్నాను; మా ప్రయాణికులు ఆ వార్త చదివి, తలయూచి, పత్రిక మడిచి, సంచిలో తువాలు సరిచూచుకొనిరి.

కల్లియో దాటగనే బ్రాహె మైదానము. వేసవిలో బంతులాడు ఆ నేలను శీతకాలమున మంచుగడ్డ చేసి, పొడవైన స్తంభములపై దీపములు వెలిగింతురు. సాయంత్ర మాఱు గంటలకు, ఆకాశము కాటుకవలె నుండగా, ఆ వెలుగులో బడిపిల్లలు, ప్రేమికులు, డెబ్బది దాటిన వృద్ధులును కాలికి ఇనుప అలుగులు తొడిగికొని గుండ్రముగ తిరుగుచుందురు. చేతులు వెనుకకు కట్టుకొని, ఏదో లెక్క ఆలోచించుచున్నట్లు, ఒక్క అడుగునకు పది బారలు జారిపోవు ముసలివానిని చూచినప్పుడు, పట్టాలు లేక అట్లు నడువగల భాగ్యమునకు నాకు కొంచె మసూయ కలుగును.

కాఫీ మాట చెప్పకున్న మా ఊరివారు నన్ను క్షమింపరు. తలకు లెక్క వేసిన కాఫీ త్రాగుటలో లోకమున ఫిన్నులదే పెద్ద చేయి. మా గుఱ్ఱములు నడక మొదలిడిన 1891లోనే కార్ల్ ఫాజెర్ క్లూవికాటు వీథిలో తన మిఠాయి దుకాణము తెఱచెను. గుఱ్ఱములు పోయినవి గాని ఆ దుకాణము పోలేదు. ధనమును వెచ్చింపనొల్లనివారికి ఓది గ్రంథాలయము కలదు. 2018 డిసెంబరు 5న, స్వాతంత్ర్య దినమునకు ముందునాడు, పార్లమెంటు భవనమున కెదురుగ దానిని తెఱచిరి. శాసనములు చేయు మందిరమునకు ముఖాముఖిగ చదువుకొను మందిరమును నిలిపిన ఆ ఊహ నాకు నచ్చినది. పై అంతస్తున పుస్తకములు; నడిమి అంతస్తున కుట్టుమిషన్లు, వాయిద్యముల గదులు, ఇంక నెన్నో పనిముట్లు, ఎవరు వచ్చి కోరినను వాడుకొనవచ్చును. బయట మంచు తుపాను వీచుచుండగా లోపల ఒకడు నవల చదువును, ఒకడు చెస్సు ఆడును, ఒకడు ఊరక కూర్చుండును. ఊరక కూర్చున్నవానిని ఎందుకు వచ్చితివని అడుగువారు లేరు.

డిసెంబరు మాసమున చీకటి యెంత చిక్కనగునో మావారి దీపములు నంత పెరుగును. 6వ తేదీన స్వాతంత్ర్యోత్సవము. ఆ సాయంకాలము కిటికీ కిటికీకి రెండేసి కొవ్వొత్తులు వెలుగును. విద్యార్థులు దివిటీలు పట్టి సెనేటు కూడలికి ఊరేగుదురు. 13వ తేదీన లూసియా వేషము దాల్చిన కన్య తలపై కొవ్వొత్తుల కిరీటముతో ఆ కూడలిలోని క్రైస్తవ మహామందిరపు మెట్లు దిగును. ఆ మెట్ల క్రిందనే క్రిస్మసు సంత. ఉన్ని మేజోళ్లు, తేనె, లవంగము దాల్చినచెక్కలతో కాచిన వెచ్చని గ్లోగి పానీయము. ఇట్టి దినములలో జనసమ్మర్దమువలన నన్ను దారి మళ్లింతురు, ఒక్కొక్కప్పుడు గంటలకొలది నిలిపివేయుదురు. దానికి నేను నొచ్చుకొనను. నన్ను నొప్పించునది వేఱొకటి: మంచు గుట్టలు వీథి అంచున పెరిగినకొలది, కార్లవారు తమ వాహనములను జానెడు ఇటు జరిపి పట్టాలమీదికి తోక పెట్టి పోవుదురు. నేను ప్రక్కకు తప్పుకొనజాలను. గంట కొట్టుచు నేను నిలువగా, నా వెనుక నా జ్ఞాతు లందఱు వరుస కట్టుదురు. ప్రయాణికులు మాత్రము కేకలు వేయరు. టోపీలు చెవులమీదికి లాగికొని, దిగి, నడచిపోవుదురు.

ఈ నగరమున సాఫ్ట్‌వేరు పనులు చేయు తెలుగువారును కొందఱు కలరు. వారి మాటలు వినివినియే నాకీ భాష పట్టుబడినది. ఒక జనవరిలో తెనాలినుండి వచ్చిన అత్తగారును, ఇక్కడ కాపురమున్న కోడలును, పసివాని బండితో నా మధ్య భాగము నెక్కిరి. బిడ్డను బండిలో నుంచి త్రోయువారికి ఇక్కడ టికెట్టు లేదు. ఆ సంగతి కోడలు చెప్పగా, "అయితే వీడే నిన్ను తీసుకెళ్తున్నాడన్నమాట! మరి నాకో?" అని ఆమె అడిగినది. "మీకు తీశానత్తయ్యా" అని కోడలు నవ్వినది. ఇంతలో నేనొక కాఫీ దుకాణము ముందు నిలిచితిని. దాని గుమ్మము ప్రక్క, మంచులో, మూడు పసిపిల్లల బండ్లు వరుసగ నున్నవి.

"అమ్మాయీ, ఆ బండిలో పిల్లాడున్నాడే! తల్లేదీ?"

"లోపల కాఫీ తాగుతూ ఉంటుందత్తయ్యా. ఇక్కడంతే, పిల్లల్ని చలిగాలిలోనే పడుకోబెడతారు. హాయిగా నిద్రపోతారట."

"నిద్రపోతారో, నీలుక్కుపోతారో! మనవాణ్ణి మాత్రం అలా పెట్టావంటే నేనూరుకోను."

బండిలోని పసివాడు ఉన్నిదుస్తులలో ముక్కు మాత్రము కనబడునట్లు నిద్రించుచుండెను. ఆమె వాని టోపీని ఇంకను క్రిందికి లాగినది.

ఫిబ్రవరి వచ్చునప్పటికి మా లోకము మాఱును. చలి ముదురును గాని వెలుగు దినదినమును పెరుగును. 5వ తేదీన కవి రూనెబెర్గు పేర, నెత్తిన రాస్ప్‌బెర్రీ జామ్ చుక్కగల చిన్న కేకులు తిందురు. లస్కియైనెన్ పండుగనాడు కైవోపుయిస్తో తోటలోని గుట్టలపైనుండి పిల్లలును, వారికన్న పిల్లలైన కళాశాల విద్యార్థులును జారుడుబండ్లపై జారిపోవుదురు. ఆనాటి తీపి రొట్టెలలో మీగడ క్రింద బాదము ముద్ద పెట్టవలెనా, జామ్ పూయవలెనా యని, ఎన్నడు నోరు విప్పని నా ప్రయాణికులు సైతము వాదింతురు. గట్టి చలి పట్టిన యేడు సముద్రము గడ్డకట్టి, తీరమునుండి మనుష్యులు, కుక్కలు, స్కీ కఱ్ఱలవారును దానిమీద నడచిపోవుచుండుట నా కిటికీలనుండి కనబడును. నా టికెట్టుతోనే స్వొమెన్లిన్న కోటకు పోవు పడవయు నెక్కవచ్చును. 1748లో స్వీడను పాలకులు కట్ట మొదలిడిన ఆ ద్వీపదుర్గమునకు, మంచుపలకలను పటపట విఱుచుకొనుచు, ఆ పడవ ఏడాది పొడవునను నడుచును.

తెనాలి అత్తగారిని మఱల మార్చిలో చూచితిని. చేత గుడ్డసంచి, అందులో ఓది గ్రంథాలయపు కుట్టుమిషనుపై ఆమె స్వయముగ కుట్టిన మనవని చొక్కా. ప్రక్క మిషనువద్ద కర్టెన్లు కుట్టుకొనుచున్న ఫిన్నిషు ముసలమ్మ, భాష తెలియకున్నను, దారము తెగినప్పుడెల్ల లేచి వచ్చి సూదిలో ఎక్కించి పోయినదట. ఆ కథను ఆమె కోడలికి చేతులు త్రిప్పుచు చెప్పుచుండగా, ఎదుట కూర్చున్న మౌనవ్రతుడొకడు మాట తెలియకయే చిఱునవ్వు నవ్వెను. కోడలు మెల్లగ, "వచ్చేసారి ఎండాకాలంలో రండత్తయ్యా, రాత్రి పదింటిక్కూడా వెలుగుంటుంది" అనినది.

"ఎండాకాలం చూడ్డానికి ఇంత దూరం రావాలటే? మన తెనాల్లో లేదూ? పైగా అప్పుడు ఈ ఊళ్లో మనుషులే ఉండరన్నావుగా. అబ్బాయితో చెప్పు, చలికాలానికే టికెట్టు తియ్యమని."

నగరము నెఱిగినవారి మాట అది. అంతకాలముగ నేను తిరిగి తెలిసికొనినదానిని ఆమె మూడు మాసములలో గ్రహించినది.